యూజీసీ బిల్లు, నాలుగేళ్ల డిగ్రీ, ఫీజుల జీవో, ములుగు యూనివర్సిటీ: ఈ ఏడాది చేరే పిల్లలకు వీటిలో నిజంగా వర్తించేవేవి?

పరకాల దగ్గర్నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది: "మా పాప హన్మకొండలో ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఇంజనీరింగ్ సీటు వస్తే సరే, లేకపోతే డిగ్రీ. మేం బీసీలం. రోజుకొక వార్త వస్తోంది. యూజీసీని తీసేస్తారట, డిగ్రీ నాలుగేళ్లట, ఇంజనీరింగ్ ఫీజులు పెరుగుతాయట, రీయింబర్స్‌మెంట్ ఎత్తేస్తారట, ములుగు సెంట్రల్ యూనివర్సిటీలో కొత్త కోర్సులు వస్తాయట. వీటిలో మాకు ఈ వేసవిలో వర్తించేవి ఏవి? దేనికోసమైనా ఆగాలా?"

ముందు సూటిగా జవాబు చెప్తాను. దేనికోసమూ ఆగకండి. ఈ జూన్, జులైలో చేరబోయే మీ పాపకు వర్తించే కాగితాలు నాలుగే. ఒకటి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ నోటిఫికేషన్‌తో వచ్చే సూచనల పుస్తకం. రెండోది డిగ్రీ సీట్లను ఆన్‌లైన్‌లో నింపే దోస్త్ నోటిఫికేషన్. మూడోది ఇంజనీరింగ్ ఫీజుల మీద ప్రభుత్వం ఇచ్చే జీవో. నాలుగోది ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం పెట్టే ఈ-పాస్ దరఖాస్తుల ప్రకటన. పార్లమెంటులో ఉన్న బిల్లుతో, ముసాయిదాలతో, సభల్లో చేసిన ప్రకటనలతో ఈ ఏడాది మీ ఇంట్లో తీసుకోవాల్సిన నిర్ణయం మారదు. అయితే మీరు ఇవాళే సరిచూసుకోవాల్సిన విషయం ఒకటుంది, మీ ప్రశ్నలో అది లేదు. అదే లోకల్ హోదా, అంటే సీట్లు ఇచ్చేటప్పుడు మీ పాపను ఇక్కడి స్థానికురాలిగా లెక్కిస్తారా లేదా అన్నది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను ఇరవై ఏడేళ్లు ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో కామర్స్ చెప్పాను. జనగామ, ములుగు, నర్సంపేట, చివరికి హన్మకొండ. 2016లో దోస్త్ మొదలైనప్పటి నుంచి రిటైరయ్యేదాకా ప్రతి వేసవి హెల్ప్‌లైన్ సెంటర్లోనే గడిచింది. తల్లిదండ్రులు పేపర్ కటింగ్ చేతపట్టుకొని వచ్చి "సార్, గిది మాకు అస్తదా?" అని అడిగేవాళ్లు. మొదట్లో నాకూ తెలిసేది కాదు. అందుకని ఒక పొడుగు లెడ్జర్ కొన్నాను. ఎడమ పేజీలో వార్త అంటించి తేదీ రాస్తాను. ఆ వార్త తాలూకు జీవోనో గెజిటో యూనివర్సిటీ సర్క్యులరో వచ్చిన రోజున దాని నంబరు, తేదీ, ఏ విద్యా సంవత్సరం నుంచి వర్తిస్తుందో కుడి పేజీలో రాస్తాను. డెబిట్ రాసినప్పుడు దానికెదురుగా క్రెడిట్ ఉండాలని పిల్లలకు చెప్పిన అలవాటు అది. ఇవాళ ఆ పుస్తకం తిరగేస్తే ఎడమ పేజీలన్నీ నిండుగా ఉన్నాయి. కుడి పేజీలు చాలావరకు ఖాళీ. కొన్ని ఏళ్ల తర్వాత నిండాయి, కొన్ని ఇప్పటికీ నిండలేదు.

మీరు రాసిన వార్తల్ని ఆ పుస్తకం ముందు పెట్టుకొనే ఒక్కొక్కటిగా చెప్తాను.

యూజీసీ రద్దు సంగతి. 2025 డిసెంబర్ 15న లోక్‌సభలో వికసిత్ భారత్ శిక్షా అధిష్ఠాన్ బిల్లు పెట్టారు. యూనివర్సిటీలను చూసే యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ, టీచర్ల శిక్షణను చూసే ఎన్‌సీటీఈ మూడింటినీ తీసేసి వాటి స్థానంలో ఒకే సంస్థను, దాని కింద మూడు మండళ్లను పెడతామనేది అందులో సారాంశం. వైద్య, న్యాయ విద్య దీని కిందికి రావు. మర్నాడే బిల్లును సంయుక్త పార్లమెంటరీ కమిటీకి పంపాలని నిర్ణయించారు. కమిటీ నివేదిక రావాలి, రెండు సభలూ ఆమోదించాలి, రాష్ట్రపతి సంతకం కావాలి, చట్టం ఏ రోజు నుంచి అమల్లోకి వస్తుందో గెజిట్ రావాలి, ఆ తర్వాత కొత్త నిబంధనలు రాయాలి. అవన్నీ అయ్యాకే విషయం కాకతీయ యూనివర్సిటీ దాకా వస్తుంది.

నా లెడ్జర్‌లో ఇదే వార్త ఇంకోసారి ఉంది, 2018 జూన్‌లో. అప్పుడూ యూజీసీని తీసేసి ఉన్నత విద్యా కమిషన్ పెడతామని ముసాయిదా విడుదల చేశారు. ఆ ఏడాది ఒకాయన నా దగ్గరికొచ్చి, యూజీసీ పోతే మా వాడి బీకాంకు విలువుంటుందా అని నిజంగానే బాధపడ్డాడు. ఆ ముసాయిదా పార్లమెంటు గడప తొక్కలేదు. వాళ్ల అబ్బాయి డిగ్రీ, పీజీ రెండూ అయిపోయాయి.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: డిగ్రీ పట్టా ఇచ్చేది యూజీసీ కాదు, యూనివర్సిటీ. నియంత్రణ సంస్థ పేరు మారినంత మాత్రాన పట్టా చెల్లకుండా పోదు. మెడికల్ కౌన్సిల్‌ను తీసేసి నేషనల్ మెడికల్ కమిషన్ తెచ్చినప్పుడు ఏమైందో చూడండి. 2019 ఆగస్టులో చట్టమైంది, కమిషన్ పని మొదలుపెట్టింది 2020 సెప్టెంబర్ 25న. చట్టమయ్యాక కూడా ఏడాదికి పైన పట్టింది. కాకతీయ మెడికల్ కాలేజీలో అప్పటికే చదువుతున్న పిల్లల చదువు ఆగలేదు, వాళ్ల పట్టాలకూ ఏమీ కాలేదు.

బిల్లు మంచిదా చెడ్డదా అనేది వేరే చర్చ. రాష్ట్రాల చేతిలో ఉన్న అధికారం ఢిల్లీకి పోతుందన్న భయం నాకూ ఉంది. 2025 జనవరిలో యూజీసీ వైస్‌చాన్స్‌లర్ల నియామకాల మీద ముసాయిదా తెచ్చినప్పుడు తెలంగాణతో సహా చాలా రాష్ట్రాలు వ్యతిరేకించింది అందుకే. ఆ చర్చ జరగాల్సిందే. కానీ మీ పాప వెబ్ ఆప్షన్లకు దానితో సంబంధం లేదు.

నాలుగేళ్ల డిగ్రీ. ఇది సగం నిజం. 2020 జులైలో వచ్చిన జాతీయ విద్యా విధానం, దాని మీద 2022 డిసెంబర్‌లో యూజీసీ ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్లు చదివితే డిగ్రీ, నాలుగో ఏడు కూడా చదివితే ఆనర్స్. మూడేళ్లకు 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు వచ్చినవాళ్లు నాలుగో ఏట పరిశోధనతో కూడిన ఆనర్స్ తీసుకోవచ్చు. మూడేళ్ల డిగ్రీని ఎవరూ తీసెయ్యలేదు. మన దగ్గర మామూలు బీఎస్సీ, బీకాం, బీఏ ఇప్పటికీ మూడేళ్లే. కొన్ని కాలేజీల్లో కొన్ని ఆనర్స్ కోర్సులు మాత్రం నాలుగేళ్లవి, దోస్త్‌లో ఆప్షన్ పెట్టేటప్పుడు కోర్సు పేరు పక్కన ఆనర్స్ అని ఉంటుంది. పాప ఆప్షన్లు పెట్టేటప్పుడు పక్కన కూర్చొని ఆ ఒక్క మాట చూడండి. రెండేళ్ల కిందట నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి సెకండ్ సెమిస్టర్ దాకా తన కోర్సు నాలుగేళ్లదని తెలియకుండానే చదివింది.

యూజీసీ నిబంధనలు చదివేటప్పుడు ఇంగ్లీషులో రెండు మాటలు పట్టుకోవాలి. 'షల్' అని ఉంటే చేసి తీరాలి. 'మే' అని ఉంటే వీలుంది, యూనివర్సిటీ ఇష్టం. ఏడాదికి రెండుసార్లు అడ్మిషన్లు అన్న వార్త వచ్చింది కదా, అది రెండో రకం. వసతులున్న యూనివర్సిటీ కావాలంటే పెట్టుకోవచ్చు. దాన్ని నమ్ముకొని "జూన్‌లో పోతే పోయింది, జనవరిలో చేరుద్దాం" అనుకున్న కుటుంబాన్ని నేను చూశాను. వాళ్లు అడిగిన కాలేజీలో జనవరి అడ్మిషన్ అనేదే లేదు.

ఇంకో జాగ్రత్త. గెజిట్ వచ్చాక కూడా ఒక్కోసారి కథ అయిపోదు. యూజీసీ 2026 జనవరి 13న క్యాంపస్‌లలో సమానత్వం మీద కొత్త నిబంధనలు నోటిఫై చేసింది. జనవరి 29న సుప్రీంకోర్టు వాటిని నిలిపేసి, 2012 నాటి పాత నిబంధనలే నడవాలంది. పదహారు రోజులు. అందుకే నా లెడ్జర్‌లో కుడి పేజీ అడుగున కోర్టు కోసం రెండు గీతల చోటు వదులుతాను.

ఇప్పుడు అసలు విషయం.

లోకల్ హోదా. మన వరంగల్, కరీంనగర్ వైపు పదో తరగతి కాగానే పిల్లల్ని విజయవాడ, గుంటూరు రెసిడెన్షియల్ కాలేజీల్లో వెయ్యడం ఎప్పటినుంచో ఉంది. 2024 జులై 19న రాష్ట్ర ప్రభుత్వం జీవో 33 ఇచ్చింది. ఎంబీబీఎస్, బీడీఎస్ సీట్లలో లోకల్ కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ సెకండియర్ దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివి, ఇంటర్ ఇక్కడే పాసై ఉండాలన్నది దాని సారం. అంతకుముందు ఆరు నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ లోకల్. హైకోర్టు 2024 సెప్టెంబర్‌లో విద్యార్థులకు ఊరటనిచ్చింది. కానీ 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ప్రభుత్వ నిబంధన సరైనదేనని తేల్చింది. ఆ సీట్లు నింపేది మన వరంగల్‌లోనే ఉన్న కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం.

మా వీధిలో ఒకామె ఉంది. కొడుకు పుట్టింది వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో, పదో తరగతి దాకా చదివింది హన్మకొండలో. 2023లో ఇంటర్‌కు విజయవాడ పంపారు. 2025లో నీట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. ఆమె ఒక పారదర్శక కవర్లో బోనఫైడ్ సర్టిఫికెట్లు తరగతుల వరుసలో సర్దుకొని మా ఇంటికి తెచ్చింది. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది: ఐదూ హన్మకొండవే. మిగతా రెండూ విజయవాడవి. "అన్నా, పుట్టి పెరిగింది ఈడ్నే గదా, నాన్‌లోకల్ ఎట్లయితడు?" అని అడిగింది. జీవోలో ఆ వాక్యం చూపించి చదివాను. ఆమె ఆ ఏడు కాగితాల్ని మళ్లీ అదే వరుసలో సర్దుకొని కవర్లో పెట్టుకుంది. వాళ్లు పిల్లాణ్ని పంపేనాటికి ఆ నిబంధన లేదు, ఏడాది తర్వాత వచ్చింది. నా ఉద్యోగ జీవితంలో నేనేమీ చెయ్యలేకపోయిన సందర్భాల్లో అదొకటి, ఇప్పటికీ మనసుకు కష్టంగానే ఉంటుంది.

మీ పాప ఎంపీసీ కాబట్టి జీవో 33 మీకు వర్తించదు. ఇంజనీరింగ్‌కు రాష్ట్రపతి ఉత్తర్వుల లెక్క: ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉంటే లోకల్. అలా కాకపోతే ఏడేళ్ల లెక్క చూస్తారు. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకు. మిగతా 15 శాతానికి ఇంతకుముందు ఆంధ్ర విద్యార్థులూ పోటీపడేవాళ్లు. విభజన చట్టంలో పెట్టిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది కాబట్టి 2025 ఫిబ్రవరి చివర్లో ప్రభుత్వం కొత్త జీవో ఇచ్చి దాన్ని మార్చింది. ఇది మన పిల్లలకు మేలు చేసిన మార్పు. చేస్తామన్నది చేసి, సమయానికి కుడి పేజీ నిండిన అరుదైన సందర్భం.

మీరు చెయ్యాల్సింది: ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా బోనఫైడ్‌లు ఇప్పుడే తీసుకోండి. పాత స్కూలు మూతపడి ఉంటే మండల విద్యాధికారి ఆఫీసుకు వెళ్లాల్సి వస్తుంది, ఆ పని జూన్‌లో పెట్టుకుంటే తెమలదు. ఆదాయ ధ్రువపత్రం ఈ ఏడాది జనవరి 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. నిరుడుది ఉంది కదా అని ఊరుకొని కౌన్సెలింగ్ రోజున మీసేవ ముందు నిలబడ్డవాళ్లను ఎందరినో చూశాను. పాప ఆధార్‌కు ఫోన్ నంబరు లింకై ఉందో లేదో చూడండి, దోస్త్ రిజిస్ట్రేషన్‌కు అది లేకపోతే అడుగు ముందుకు పడదు. పది మెమోలో, ఆధార్‌లో, కుల ధ్రువపత్రంలో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి.

ఫీజుల విషయం. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల ఫీజులను మూడేళ్లకొకసారి ఫీజుల నియంత్రణ కమిటీ సిఫార్సు చేస్తుంది, ప్రభుత్వం జీవో ఇస్తుంది. 2022 నుంచి 2025 దాకా ఒక గడువు అయిపోయింది. 2025-26కు కొత్త ఫీజులు రావాల్సి ఉండగా, కాలేజీలు బాగా పెంచి అడిగాయి. ప్రభుత్వం 2025 జూన్ 30న జీవో ఇచ్చి, ఆ ఏడాదికి పాత ఫీజులే ఉంచింది. కొన్ని కాలేజీలు హైకోర్టుకు వెళ్లాయి. తేదీ చూశారు కదా, జూన్ 30. కౌన్సెలింగ్ గుమ్మంలో ఉండగా వచ్చింది. అందుకే మార్చిలోనో ఏప్రిల్‌లోనో ఫీజు ఇంత అని ఎవరు చెప్పినా అది అంచనాయే. హన్మకొండ నయీంనగర్‌లో కరపత్రాలు పంచేవాళ్లు చెప్పినా, కాలేజీ పీఆర్వో చెప్పినా అంతే. జీవో అనుబంధంలో కాలేజీ పేరెదురుగా ఉన్న అంకెనే లెక్క చూసుకోండి.

ఫీజు పెరిగితే భారం ఎవరి మీద పడుతుందో చాలామంది గమనించరు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు మొత్తం ఫీజు ప్రభుత్వం కడుతుంది. బీసీ, ఈబీసీలకు ఎప్‌సెట్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తే మొత్తం, ఆ పైన అయితే సాధారణంగా 35,000 మాత్రమే. కాలేజీ ఫీజు లక్ష అనుకుందాం, ర్యాంకు 10,000 దాటితే మీ జేబులోంచి పోయేది ఏటా 65,000. నాలుగేళ్లకు 2,60,000. ఫీజు ఇరవై వేలు పెరిగితే ఆ ఇరవై వేలూ మీ మీదే, ప్రభుత్వ వాటా పెరగదు. ఆప్షన్లు పెట్టే ముందు ఈ లెక్క కాగితం మీద వెయ్యండి. బీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో 1,50,000, పట్టణాల్లో 2,00,000. హాజరు 75 శాతం ఉండాలి.

రీయింబర్స్‌మెంట్ ఎత్తేస్తారా? పథకాన్ని రద్దు చేసే జీవో ఏదీ లేదు. ఉన్న సమస్య వేరు, డబ్బు ఆలస్యం. 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ పెట్టాయి, కొంత విడుదల చేస్తామని ప్రభుత్వం మాటిచ్చాక విరమించాయి. బడ్జెట్‌లో అంకె కనబడితే డబ్బు వచ్చినట్టే అనుకుంటాం. ఆ అంకె తర్వాత బడ్జెట్ విడుదల ఉత్తర్వు రావాలి, దాన్నే బీఆర్‌ఓ అంటారు. దాని మీద సంక్షేమ శాఖ బిల్లు పెట్టాలి, ఖజానా టోకెన్ నంబరు ఇవ్వాలి, టోకెన్ వరుసలో ఎప్పుడో డబ్బు కాలేజీ ఖాతాలో పడాలి. టోకెన్ వచ్చి ఏడాది గడిచినా పైసా పడని కాలేజీలు నాకు తెలుసు.

కాబట్టి మార్చిలో రాష్ట్ర బడ్జెట్ పెట్టినప్పుడు కేటాయింపు అంకె చూసి ఆగిపోకండి. 2025-26కు విద్యాశాఖకు 23,108 కోట్లు అన్నారు. వినడానికి పెద్ద అంకె, అందులో పెద్ద భాగం పాఠశాల విద్యకే. బడ్జెట్ పుస్తకాల్లో ప్రతి పద్దు ఎదురుగా నాలుగు గడులుంటాయి. వాటిలో రెండేళ్ల కిందటి 'అకౌంట్స్' అనే గడి నిజంగా ఖర్చయిన డబ్బు. అప్పట్లో ఎంత ఇస్తామన్నారో, చివరికి ఎంత ఇచ్చారో పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ఏటి అంకెను ఎంతవరకు నమ్మాలో అర్థమవుతుంది. ఆ గడి చూసే అలవాటు లెక్చరర్లలోనే తక్కువ, తల్లిదండ్రులకు చెప్పేవాళ్లే లేరు.

ఈ ఆలస్యం చివరికి ఎవరి నెత్తిన పడుతుందో చెప్తాను. మూడేళ్ల కిందట మహబూబాబాద్ వైపు తండాకు చెందిన ఒకమ్మాయి, నా దగ్గర డిగ్రీ చదివి ఒక ప్రైవేటు కాలేజీలో పీజీ చేసింది. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. ఆమెతో నేనూ కాలేజీకి వెళ్లాను. కౌంటర్ కిటికీకి చెయ్యి పట్టేంత రంధ్రం. ఆమె హాల్‌టికెట్ జిరాక్స్ అందులోంచి లోపలికి తోసింది. లోపలి ఆయన రిజిస్టర్‌లో వేలు పెట్టి కిందికి జరిపి, ఆమె పేరు దగ్గర ఆపి, "గవర్నమెంటు నుంచి రెండేండ్లది రాలే, కట్టి తీస్కపో" అన్నాడు. కాగితం మళ్లీ బయటికి వచ్చింది. ఆ బకాయి ఆ పిల్లది కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఆపుకోకూడదని యూజీసీ 2018లోనే ప్రకటన ఇచ్చింది. ఆ రోజు మేం గొడవ పడలేదు. తెల్ల కాగితం మీద దరఖాస్తు రాసి, ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకొని, దాని నకళ్లు యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు, జిల్లా సంక్షేమ అధికారికి ఇచ్చాం. నాలుగో రోజున సర్టిఫికెట్లు ఇచ్చారు. కంపెనీ వాళ్లు వారం గడువు ఇవ్వబట్టి ఉద్యోగం నిలిచింది.

అందుకే చేరే రోజే కాలేజీని ఒక ప్రశ్న అడగండి: "రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే మా దగ్గర వసూలు చేస్తారా, సర్టిఫికెట్లు ఆపుతారా?" నోటి మాట కాకుండా రాసిమ్మనండి. రాసివ్వకపోయినా, ఆ అడిగినప్పుడు వాళ్లు చెప్పే తీరులో మీకు చాలా తెలుస్తుంది. డిగ్రీకైతే నా సలహా ఇంకా సూటిగా ఉంటుంది. హన్మకొండలో కాకతీయ ప్రభుత్వ కళాశాల, సుబేదారి ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ, ఆడపిల్లలకు వడ్డేపల్లిలో పింగళి ప్రభుత్వ మహిళా కళాశాల ఉన్నాయి. వీటిలో ఫీజు తక్కువ, బకాయి కోసం సర్టిఫికెట్ ఆపే బెడద తక్కువ. నేను ప్రభుత్వ కాలేజీ మనిషిని కాబట్టి పక్షపాతమనుకోవచ్చు, ఒకసారి వెళ్లి లైబ్రరీ, ల్యాబ్ చూసి మీరే తేల్చుకోండి.

ములుగు యూనివర్సిటీ. సమ్మక్క సారక్క సెంట్రల్ ట్రైబల్ యూనివర్సిటీ మాట 2014 విభజన చట్టంలోనే ఉంది. కేంద్ర కేబినెట్ 889 కోట్లతో ఆమోదించింది 2023 అక్టోబర్‌లో. పార్లమెంటులో చట్టం అయింది 2023 డిసెంబర్‌లో. తరగతులు మొదలైంది 2024లో, ఇంగ్లిష్, ఎకనామిక్స్ ఆనర్స్ డిగ్రీలతో. మాటకూ తరగతి గదికీ మధ్య పదేళ్లు. నేను ములుగులో పనిచేస్తున్నప్పుడు తాడ్వాయి వైపు నుంచి ఒక కోయ అమ్మాయి ఇంటర్ పాసై, యూనివర్సిటీ మన జిల్లాకే వస్తోందని అంతా అంటుంటే ఒక ఏడాది ఇంటి దగ్గరే ఆగింది. రెండో ఏడు పెళ్లి సంబంధం వచ్చింది. ఆమె మళ్లీ కాలేజీకి రాలేదు. ఆ ఏడాది ఆమెను వెతుక్కుంటూ వాళ్ల ఊరికి వెళ్లి మాట్లాడి ఉండాల్సింది. నేను వెళ్లలేదు.

యూనివర్సిటీ వచ్చినందుకు నాకు చాలా సంతోషం. ఏజెన్సీ పిల్లలకు అది నిజంగా పెద్ద దారి. కానీ ఎంపీసీ అమ్మాయి దానికోసం ఎదురుచూడాల్సిన పని లేదు. పైగా సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ ప్రవేశాలు సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా, ఆ దరఖాస్తులు ఏడాది తొలి నెలల్లోనే మొదలవుతాయి. ఇంటర్ ఫలితాలు వచ్చాక ఆలోచిద్దామనుకునే సరికి తలుపు మూసి ఉంటుంది. మీ చిన్నమ్మాయో చుట్టాల పిల్లలో ఉంటే వాళ్లకు ఇప్పుడే చెప్పి పెట్టండి.

కొన్ని మాత్రం చకచకా వస్తాయి. కొత్తగూడెంలో కాకతీయ యూనివర్సిటీ కింద నడిచిన ఇంజనీరింగ్ కాలేజీ 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది. శాతవాహన యూనివర్సిటీకి హుస్నాబాద్‌లో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. ఇలాంటి కొత్త చోట ఆప్షన్ పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు. కానీ ముందు ఒకసారి అక్కడికెళ్లి ఈ సెమిస్టర్లో ఎంతమంది పాఠం చెప్తున్నారో, వాళ్లలో రెగ్యులర్ ఎంతమందో పిల్లల్నే అడగండి. శంకుస్థాపన జరిగినంత సులువుగా పోస్టులు నిండవు. యూనివర్సిటీ అధ్యాపకుల నియామకాలకు ఉమ్మడి బోర్డు పెడుతూ మన అసెంబ్లీ 2022 సెప్టెంబర్‌లో బిల్లు పాస్ చేసింది. అది రాజ్‌భవన్‌లో ఆగింది, ఆ తర్వాత రాష్ట్రపతి పరిశీలనకని వెళ్లింది. నా లెడ్జర్‌లో దాని ఎదుటి పేజీ ఇంకా తెల్లగానే ఉంది. ఈ మధ్యలో కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ లెక్చరర్లు చాలీచాలని జీతాలతో ఆ తరగతులు నడిపారు. నా దగ్గర చదువుకున్నవాళ్లే అందులో ఉన్నారు, వయసు నలభై దాటినవాళ్లూ ఉన్నారు. వాళ్ల సంగతి ఇంకోసారి విడిగా రాస్తాను.

తెలంగాణ విద్యా కమిషన్ గురించి కూడా కొందరు అడుగుతున్నారు. 2024 సెప్టెంబర్‌లో ఆకునూరి మురళి గారి అధ్యక్షతన ఏర్పాటు చేశారు. కమిషన్ సిఫార్సు చేస్తుంది, ఉత్తర్వు ఇచ్చేది ప్రభుత్వం. నివేదికలు చదవండి, మంచివి. కానీ అడ్మిషన్‌కు వాటిని ఆధారం చేసుకోకండి.

ఒక వార్త చూడగానే మీరే తేల్చుకోవడానికి నేను పిల్లలకు చెప్పే పద్ధతి ఇది. చివరి క్రియాపదం చూడండి. "యోచిస్తోంది", "కసరత్తు చేస్తోంది", "త్వరలో" అని ఉంటే పేజీ తిప్పెయ్యండి. "ఉత్తర్వులు జారీ చేసింది" అని ఉంటే నంబరు రాసుకోండి. నంబరుతో ప్రభుత్వ జీవోల వెబ్‌సైట్‌లో వెతికి, చివరి పేరాకు వెళ్లి, ఏ విద్యా సంవత్సరం నుంచి అని చూడండి. ఎప్‌సెట్‌లో ఇంటర్ మార్కుల 25 శాతం వెయిటేజీ తీసేసింది 2023లో. ఇప్పటికీ దాని గురించి అడిగేవాళ్లున్నారు, పాత వార్తలు వాట్సాప్‌లో తేదీ లేకుండా తిరుగుతుండబట్టి. తేదీ లేని వార్త ఎవరు పంపినా పక్కన పెట్టండి.

ఇక మీ సంగతికి. ఎప్‌సెట్, దోస్త్ రెండూ వెయ్యండి. ఒకటి ఉంది కదా అని రెండోది ఆపకండి, ఇంజనీరింగ్ సీటు ఖాయమయ్యాక దోస్త్ సీటు వదులుకోవచ్చు. దోస్త్ మొదటి విడతలోనే ఆప్షన్లు పెట్టండి, మంచి ప్రభుత్వ కాలేజీల్లో కోరుకున్న కోర్సులు మూడో విడత దాకా మిగలవు. ర్యాంకు వచ్చాక ఫీజుల జీవో చూసి, పైన చెప్పిన లెక్క వేసుకొని, అప్పుడు ఆప్షన్ల వరుస తేల్చండి.

మీ పాప ఆరు నుంచి పది దాకా ఏయే ఊళ్లలో చదివింది, ఆదాయ ధ్రువపత్రం ఏ తేదీది, మీ గ్రామం మున్సిపాలిటీలో కలిసిందా లేదా, ఈ మూడూ కింద రాయండి. ఊరు మున్సిపాలిటీలో కలిస్తే ఆదాయ పరిమితి లెక్క మారుతుంది, అది చూసి చెప్తాను.